ఎముక తెచ్చిన మనిషి

“తాళం బయట వేసి ఉండెనా సిస్టర్, లోపల గొళ్ళెం పెట్టి ఉండెనా?”

ఖుర్షీద్ సిస్టర్ దూదిని ఉండలు చుట్టి స్టీలు డబ్బాలో వేస్తోంది. చేతిలో ఉన్న ఉండను వేసి, ఇంకొకటి మొదలుపెట్టాక జవాబిచ్చింది.

“బయట తాళం, మేడం.”

“పోలీసులకు చెప్పినవా?”

“వాళ్ళు అడగలే. ఎట్ల పడి ఉండె, నోట్ల నురుగు వచ్చెనా అని అడిగిండ్రు. తాళం సంగతి అడగలే.”

తిరుమల కుర్చీని కొంచెం ముందుకు జరుపుకుంది. పోలీసుల వేలిముద్రల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి బయటికి వచ్చి, కరీంనగర్‌లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. అడగని ప్రశ్నల్లోనే సగం కేసు ఉంటుందని ఆ ఏళ్ళలో ఆమెకు తెలిసివచ్చింది.

ఆ ఎముకల ఆసుపత్రిలో కిందటి వారం ఒకే రోజున రెండు సంగతులు జరిగాయి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన నవ్యశ్రీ అనే డిగ్రీ చదివే అమ్మాయికి, మోకాలి పైన తొడ ఎముకలో పుట్టిన క్యాన్సర్‌ను కాలు తీసెయ్యకుండా తొలగించారు; కోసి తీసిన ఎముకను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి తిరిగి అదే కాలిలో బిగించారు. అదే సాయంత్రం ఆపరేషన్ థియేటర్‌ను ఆనుకుని ఉన్న చిన్న పక్కగదిలో, ఎముకను గడ్డకట్టించే పని చూసే టెక్నీషియన్ హనుమండ్లు శవమై కనిపించాడు. అతను ఆ అమ్మాయికి సొంత మేనమామ.

తిరుమలను పిలిపించింది అమ్మాయి తల్లి బాలలక్ష్మి. ఆమె ఏడవలేదు. గోడకేసి చూస్తూ, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. “తమ్ముడు పోయిండు. బిడ్డ కాలు మిగిలింది. ఆ ఒక్క మాట పట్టుకొని లేస్తున్న, కూసుంటున్న. కాని తాగి చచ్చిండు అంటున్నరు చూడు, అది పడలేను అక్కా. నా బిడ్డ ఎముక చేతుల పట్టుకునే రోజు వాడు తాగుతడా?”

తిరుమల మళ్ళీ సిస్టర్ వైపు తిరిగింది.

“తాళంచెవి ఎవరిదగ్గర ఉండె?”

“హనుమండ్లు జేబుల ఒకటి. ఇంకోటి సాయిచంద్ దగ్గర. ఆయన గూడ టెక్నీషియనే. సాయంత్రం సెలైన్ సీసాలు లోపల పెట్టేది ఉండి, సాయిచంద్‌ను అడిగి తీసుకున్న.”

“ఇచ్చిండా?”

“ఇచ్చిండు. ఇచ్చి బాత్రూంకు పోయిండు. నేను తలుపు తీసి ఒర్లితే అందరు ఉరికొచ్చిండ్రు. ఆయన మాత్రం ఆఖరుకు వచ్చిండు.”

“ఒళ్ళు ఎట్ల ఉండె?”

ఖుర్షీద్ చేతులు ఆగలేదు. మాట మాత్రం నెమ్మదించింది. “కట్టె. చెయ్యి వంచుదామంటే వంగలే. దవడ బిగుసుకుపోయి ఉండె. గదిల చల్లదనానికి అట్లయింది అన్నరు సీఐ సాబ్.”

“అప్పుడు టైమెంత?”

“అసర్ నమాజు అయింది. ఐదు కాలే.”

“ప్రాణంతోని ఆఖరున చూసిందెవరు?”

“డాక్టర్ సాబ్. ఎముక నైట్రోజన్‌ల పెట్టి తీసి, పగలు ఒంటిగంటకు తెచ్చిచ్చిండట. తర్వాత ఏడ కనపడలే. మూడింటికి నేను అడిగితే సాయిచంద్ ‘ఇప్పుడే తినేతందుకు ఇంటికి పోయిండు’ అన్నడు.”

మూడింటికి ఇంటికి పోయిన మనిషి, ఐదు కాకముందే తాళం వేసిన గదిలో కట్టెలా బిగుసుకుని ఉన్నాడు. చనిపోయిన ఒళ్ళు అంతగా బిగియాలంటే ఐదారు గంటలైనా పట్టాలి. తిరుమల లేచి నిలబడింది.

---

సీఐ ఓంప్రకాశ్ పక్కగది ముందు తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు. బాలలక్ష్మి అర్జీ పెట్టుకుంటే, ఆమె తరఫు మనిషి ఒకసారి చూడడానికి పైఅధికారి ఒప్పుకున్నాడు. అది ఓంప్రకాశ్‌కు నచ్చలేదు.

“ఏమమ్మా తిరుమలా, ఇది పెండ్లి సంబంధం ఎంక్వైరీ కాదు.”

“ఆడ గూడ ఇదే పని సార్. చెప్పినదానికీ ఉన్నదానికీ నడుమ సందు ఎక్కడుందో చూసుడు.”

“వేలిముద్రల సెక్షన్ల ఉన్నప్పుడు గూడ గిట్లనే సతాయించేదానివి. అందుకే బయటికి పంపిండ్రు.”

“నేనే వచ్చిన.”

“ఏదైతేంది, బయటనే ఉన్నవు కదా.” అతను సీలు తెంపి తలుపు తీశాడు. “ఆ రోజు శవాన్ని తీసినంక నేనే తాళం వేసిన. పుల్ల గూడ కదల్లే. నువ్వు గూడ ఏదీ ముట్టకు. పోస్ట్‌మార్టంల దెబ్బలు లేవు, విషం లేదు. బ్యాగుల క్వార్టర్ సీసా దొరికింది. తాగిండు, గుండె ఆగింది. రేపు కాగితం మూసేస్త.”

“సీసా మూత తీసి ఉండెనా?”

ఓంప్రకాశ్ తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. తీసి లేదని తిరుమలకు అర్థమైంది.

గది చిన్నది. వంటింటి పక్కన ఉండే సామాన్ల గదంత ఉంటుంది. గుమ్మం దగ్గరే ఆగి, ఆమె ముందు గాలి వచ్చే దారులు చూసింది. కిటికీ మూసి ఉంది. పైన వెంటిలేటర్‌కు థర్మోకోల్ ముక్క కొలిచి కోసి బిగించారు. తలుపు వెనక, నేల మీద, థియేటర్‌లో వాడే ఆకుపచ్చ గుడ్డ ఒకటి చాపలా చుట్టి ఉంది. దాని అంచున పొడుగునా తలుపు అడుగు మరక నల్లగా పడింది. తలుపు సందులో కుక్కిన గుడ్డ అది. బయటినుంచి ఎవరో తోసినప్పుడు వెనక్కి జరిగింది.

“ఎవరు పెట్టిండ్రు ఇది?” అన్నాడు ఓంప్రకాశ్, మొదటిసారి కాస్త ఆసక్తిగా.

“లోపలున్నాయనే. బయటోళ్ళు పెడితే గుడ్డ బయట ఉంటది.”

గది మధ్యలో అల్యూమినియం డబ్బా ఉంది. పశువుల దవాఖానల్లో ఎద్దు వీర్యాన్ని గడ్డకట్టించి దాచే డబ్బా అది. కరీంనగర్‌లో నైట్రోజన్ అందక, ఆపరేషన్ ముందురోజు హనుమండ్లే ఆదిలాబాద్ పోయి తెలిసిన పశువుల డాక్టర్‌ను బతిమాలి, దాని నిండా ద్రవ నైట్రోజన్ తెచ్చాడు. ఇప్పుడు మూత పక్కన పడి ఉంది. డబ్బా ఖాళీ. దాని పక్కనే వెడల్పాటి స్టీలు టబ్బు ఉంది, అదీ ఖాళీ. టబ్బు చుట్టూ నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు, కాల్చిన అప్పడం నలిగినట్టు, ముక్కలుగా పగిలి ఉంది.

“నైట్రోజన్ ఒలికింది,” అంది తిరుమల.

“ఒలకదా? ఎముకను ముంచినప్పుడు ఒలికి ఉంటది.”

తిరుమల మోకాళ్ళ మీద కూర్చుంది. గోడ కింద, జానెడు ఎత్తున చెక్క బల్ల. దాని మీద కొండగట్టు అంజన్న పటం, ముందు ఇత్తడి ప్రమిద. ఆమె చాలాసేపు ఆ ప్రమిదనే చూసింది. ప్రమిద అంచు దాకా నూనె ఉంది. నూనె మీద సన్నని దుమ్ము పొర. వత్తి కొస గోటి అంచు మేర మాత్రమే నల్లబడింది.

“సిస్టర్, ఈ దీపం ఎప్పుడు పెట్టిండో తెలుసా?”

ఖుర్షీద్ గుమ్మం బయట నిలబడి ఉంది. “పిల్లను థియేటర్‌లకు తీసుకపోతున్నప్పుడు. పది అయితుండె. నేను చూసిన. ప్రతి ఆపరేషన్‌కు పెడ్తడు. ఆ రోజు నూనె ఎక్కువ పోసిండు, ఆపరేషన్ అయ్యేదాక ఉండాలె అని.”

“పది గంటలకు పెట్టిన దీపం. నూనె నిండ ఉంది, వత్తి కాలలే. పెట్టిన కొంచెం సేపటికే కొండెక్కింది,” అంది తిరుమల.

“గాలికి పోయింది,” అన్నాడు ఓంప్రకాశ్.

“కిటికీ బందు. వెంటిలేటర్ బందు. తలుపు సందు బందు. గాలి ఏడికెల్లి వస్తది సార్?”

“ఊదిండేమో.”

“అంజన్న ముందట దీపాన్ని నోటితోని ఎవరు ఊదుతరు? అది గూడ మేనగోడలు బల్ల మీద పండుకున్న రోజు.”

ప్రమిద పక్కన అగ్గిపెట్టె సగం తెరిచి ఉంది. నేల మీద మూడు పుల్లలు. తిరుమల జేబు రుమాలుతో ఒకదాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టింది. పుల్ల తలలో మందు మొత్తం కాలిపోయింది. కర్ర మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది. మూడూ అంతే.

“చూడండి. మందు భగ్గుమంటది, దానికి గాలితోని పని లేదు. కర్ర అంటుకోవాలంటే గాలి కావాలె. ఇక్కడ ఒక్క కర్ర గూడ అంటుకోలే.”

ఓంప్రకాశ్ పుల్లను చూశాడు. తన మీసం ఒకసారి తడుముకున్నాడు. “అంటే?”

“నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. చల్లగా ఉండి నేలబారున పరుచుకుంటది. టబ్బుల పోస్తే మరిగి ఆవిరయితది. ఆ ఆవిరి గదిల గాలిని బయటికి నూకేస్తది. అందుకే తలుపులు తెరిచిపెట్టి పోయాలె. ఈయన సందులన్ని మూసి పోసిండు.”

“ఎందుకు మూసిండు? ఇదివరకు చెయ్యలేదా ఈ పని?”

“చేసిండు,” అంది ఖుర్షీద్. “కాని ఇదివరకు కంపెనీ మనిషి వచ్చి పోసేటోడు. తలుపు బార్లా తెరిపిచ్చేటోడు. ఈసారి ఆయన రాలే. హనుమండ్లే పోసుకుండు.”

తిరుమల వరండాలోకి చూసింది. బాలలక్ష్మి అక్కడ బెంచీ మీద, కూతురి మందుల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

“బాలలక్ష్మీ, మీ తమ్ముడు ఈ నౌకరికి రాకముందు ఏం పని చేసిండు?”

“ఐసు ఫ్యాక్టరీల. నిర్మల్ల. ఆరేడేండ్లు చేసిండు.” ఆమె తల తిప్పలేదు. “ఐసు దిమ్మెలను గదిల పెట్టి, సందులన్నిట్ల గోనెసంచులు కుక్కేది. గాలి తగిలితే కరుగుతదని. ఇంట్ల గూడ గట్లనే, ఫ్రిజ్ తలుపు ఓరగా ఉంటే పిల్లలను కొట్టొచ్చేటోడు. ఎందుకక్కా?”

“ఊరికెనే అడిగిన.”

తిరుమల గొంతు తగ్గించి ఓంప్రకాశ్‌తో చెప్పింది. “ఆదిలాబాద్ నుంచి బతిమాలి తెచ్చుకున్నది. ఒక్క చుక్క గూడ పోనియ్యొద్దు అనుకుండు. ఐసును కాపాడినట్టు కాపాడిండు. టబ్బుల పోసి చల్లబెట్టుకుంటున్నప్పుడు కింద దీపం కొండెక్కింది. నిలబడి ఉంటే తల తిరిగి బయటికి ఉరికేటోడేమో. కాని పిల్ల ఆపరేషన్ నడుస్తుండగ దీపం కొండెక్కితే ఎట్ల ఊకుంటడు? మళ్ళ వెలిగిద్దామని మోకాళ్ళ మీద వంగిండు. నైట్రోజన్ అంతా ఉన్నది ఆ ఎత్తులనే. మూడు పుల్లలు గీసిండు. నాలుగోది గియ్యలే.”

ఓంప్రకాశ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“హత్య కాదు అన్నట్టు.”

“కాదు.”

“తాగుడు గూడ కాదు. సరే, ఒప్పుకుంట. యాక్సిడెంట్ అని రాస్త. నువ్వు గెలిచినవు అనుకో. అయిపాయె.”

“కాలే సార్.” తిరుమల గదిలో ఎడమవైపు అరను చూపించింది. అక్కడ ఆకుపచ్చ గుడ్డతో గట్టిగా కట్టిన మూట ఒకటి ఉంది. ముడి మీద నల్లచారల టేపు అతికి ఉంది. “సిస్టర్, ఇదేంది?”

“హనుమండ్లు మూట. లోపల చిల్లుల బుట్ట, పొడుగు పటకారు ఉంటయి. డాక్టర్ ఎముకను కోసి ఇచ్చినంక బుట్టల పెట్టి నైట్రోజన్ల ముంచుతరు. ఆపరేషన్‌కు ఒక్కటే మూట కడతం. నేనే కట్టి మెషిన్‌ల పెట్టి శుద్ధి చేసి ఇచ్చిన.”

“టేపు విప్పలే.”

ఖుర్షీద్ ఒక అడుగు లోపలికి వేసింది. మూటను, టేపును, ముడిని చూసింది. చేతిలో ఉన్న దూది ఉండ కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

“సార్,” అంది తిరుమల, “దీపం పది దాటినంక కొండెక్కింది. దాని వెంట ఆయన పోయిండు. అందుకే ఐదు కాకముందే ఒళ్ళంతా బిగుసుకుంది. చల్లదనం ఆ బిగుతును ఆలస్యం చేస్తది గాని తొందరపెట్టదు. మరి పగలు ఒంటిగంటకు డాక్టర్ చేతికి ఎముక తెచ్చిచ్చింది ఎవరు?”

---

డాక్టర్ లక్ష్మీరాజం తన గదిలో నవ్యశ్రీ ఎక్స్‌రే చూస్తున్నాడు. తొడ ఎముక మీద ఉక్కు పట్టీ, వరుసగా స్క్రూలు. పని చక్కగా కుదిరిందని ఆయన ముఖంలో కనిపిస్తోంది.

“రండి. చూడండి, ఎంత బాగ కూసుందో,” అన్నాడు. “లోహం కీలు పెట్టొచ్చు, కాని అది ఎప్పటికైనా అరుగుతది, వదులైతది. ఇది ఆ పిల్ల సొంత ఎముక. కొలత తప్పదు. గడ్డ ఉన్న భాగాన్ని కోసి బయటికి తీసి, గీకి శుభ్రం చేసి, ద్రవ నైట్రోజన్‌ల ఇరవై నిమిషాలు ముంచితే అందులో ప్రాణమున్న కణం ఒక్కటి మిగలదు. క్యాన్సర్ గూడ చస్తది. తర్వాత కాసేపు గాలికి, కాసేపు నీళ్ళల్ల పెట్టి మామూలు వేడికి తెచ్చి, అదే కాలుల తిరిగి బిగిస్తం.”

“అంటే మీ చేతికి వచ్చేసరికి చల్లగ ఉండదు.”

“ఉండదు. చల్లగ ఉన్నప్పుడు బిగిస్తే పగులుతది.”

“ముంచేది మీరు చూడరు.”

“కాలు తెరిచి ఉంటది కద అమ్మా. నేను బల్ల విడిచి పోను. కోసిన ఎముకను సాయిచంద్ తీసుకపోయి పక్కగదిల హనుమండ్లుకు ఇస్తడు. హనుమండ్లు పని అయినంక తెచ్చిస్తడు.”

“ఆ రోజు తెచ్చిచ్చింది హనుమండ్లేనా?”

“ఇంకెవరు?” అని, ఆయన ఆగాడు. “మాస్కు, టోపీ, గౌను. కండ్లే కనిపిస్తయి. నేను ఆ కండ్లను గూడ చూడలే, ఎముకను చూసిన.”

“ఏమన్న అన్నడా?”

“లేదు.” డాక్టర్ ఎక్స్‌రేని బల్ల మీద పెట్టాడు. “మామూలుగ అయితే నోరు మూతపడదు. ‘సార్, చలి తందూరిల పెట్టి తీసిన లెక్క అయింది’ అని ఏదో ఒకటి అంటడు. ఆ రోజు మాట లేదు. సొంత మేనగోడలు కద, గొంతు పెగలలేదేమో అనుకున్న.”

“ఎముక ఎట్ల ఉండె, డాక్టర్ గారు?”

ఆయన లేచి, వాష్‌బేసిన్ దగ్గరికి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

“ఎర్రగ ఉండె,” అన్నాడు, కుళాయి వైపు చూస్తూ. “గడ్డకట్టి కరిగిన ఎముక పాలిపోయి ఉంటది. అది ఎర్రగ ఉండె. స్క్రూ వేస్తుంటే ఒక చుక్క రక్తం ఊరింది. నా గ్లౌజు నుంచి కారిందనుకున్న.”

తిరుమల జరిగింది చెప్పింది. దీపం, పుల్లలు, విప్పని మూట. ఆమె ముగించకముందే ఆయన కుళాయి కట్టేశాడు.

“సాయిచంద్‌ను పిలవండి,” అన్నాడు.

---

సాయిచంద్‌ను వెతకాల్సిన పని పడలేదు. ఓంప్రకాశ్ అతన్ని మెట్ల దగ్గరే పట్టుకుని, జీపు వైపు నడిపిస్తున్నాడు.

“ఆగండి సార్,” అంది తిరుమల.

“ముందు స్టేషన్‌కు. ప్రశ్నలన్ని ఆడ. ఇప్పుడిది నా కేసు.”

“పొద్దున దాక మూసేస్తనన్న కేసు. తీసుకపోండి, నేను అడ్డం రాను. ఒక్క ప్రశ్న ఉంది. దాని జవాబు మీ స్టేషన్‌కు కాదు, పైన వార్డుల పండుకున్న పిల్లకు కావాలె.”

ఓంప్రకాశ్ పట్టు సడలించాడు. వదల్లేదు.

సాయిచంద్‌కు ముప్పై దాటి ఉండవు. వారం నుంచి గడ్డం గీసుకున్నట్టు లేదు. అతను పారిపోయే మనిషిలా లేడు. ఎవరో ఒకరు వచ్చి అడగాలని ఎదురుచూసి ఎదురుచూసి అలసిపోయినట్టు ఉన్నాడు.

“ఎముక ఇచ్చేతందుకు పోయేసరికి తలుపు బిగుసుకొని ఉంది. నూకిన,” అన్నాడు. “అన్న దీపం ముందట బోర్లపడి ఉండు. నాకు గూడ తల తిరిగింది. తలుపు తెరిచిపెట్టి బయట నిలబడి, మళ్ళ పోయి చూసిన. నాడి లేదు. ఒళ్ళు చల్లబడ్డది. డబ్బా ఖాళీ, టబ్బు ఖాళీ.”

“నిన్ను ఆయన తోడుండమనలేదా?”

“అన్నడు. నేను ఫోన్ మాట్లాడుతు కింద ఉన్న.”

“తర్వాత?”

“అటు చూస్తే పిల్ల కాలు తెరిచి ఉంది. నా చేతిల ఎముక ఉంది. నైట్రోజన్ లేదు అని చెప్తే ఏమైతది మేడం? కాలు తీసేస్తరు. పొద్దున అన్న నాతోని అన్నడు, ‘సాయీ, ఏమన్న గాని, పిల్ల కాలు మాత్రం పోనియ్యకు’ అని. నాకు ఆ మాట తప్ప ఇంకేం తోయలే.”

“ఎముకను ఏం చేసినవు?”

“సెలైన్‌ల పెట్టిన.”

“అంతేనా?”

“అంతే. మామూలుగ ఎంతసేపు పడ్తదో అంతసేపు అన్న పక్కన కూసున్న. తర్వాత మాస్కు కట్టుకొని తీసుకపోయి ఇచ్చిన. డాక్టర్ సాబ్ చూసి గుర్తుపడ్తడు, తిడ్తడు, అప్పుడు చెప్దమనుకున్న. ఆయన చెయ్యి చాపి తీసుకుండు. ఇంక నోరు రాలే.” అతను ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. “బయట తాళం నేనే వేసిన సార్. తినేతందుకు పోయిండని నేనే చెప్పిన. అన్నను నేను చంపలే.”

“తెలుసు,” అంది తిరుమల.

“కాలైతే మిగిలింది కద మేడం,” అన్నాడు సాయిచంద్. అతను అది నమ్ముతున్నాడో, అడుగుతున్నాడో ఆమెకు తెలియలేదు.

వెనక నిలబడి విన్న డాక్టర్ లక్ష్మీరాజం అప్పుడు మాట్లాడాడు. గొంతులో ఎత్తుపల్లాలేమీ లేవు.

“కోసి తీసిన క్యాన్సర్‌ను మళ్ళీ అదే కాలుల పెట్టి, నా చేత్తోనే స్క్రూలు బిగించిన. అక్కడ అది బతికే ఉంది. ఆ ఎముకను తీసెయ్యాలె. రేపు పొద్దుగాల మొదటి ఆపరేషన్ అదే.”

“కాలు?” అంది తిరుమల.

“ఈసారి చుట్టూ ఉన్న కండకు, నరానికి గూడ క్యాన్సర్ అంటుకుని ఉంటది. కాలు ఉంటదని నేను ఇంక చెప్పలేను.” ఆయన మెట్ల వైపు చూశాడు. “తల్లికి చెప్పాలె. సంతకం కావాలె. మీరు గూడ రండి. ఆమె మిమ్మల్ని నమ్మింది.”

ఓంప్రకాశ్ సాయిచంద్ భుజం మీది చెయ్యి తీసి, జీపు ఎక్కమని సైగ చేశాడు. తిరుమల పక్కనుంచి పోతూ ఆగాడు.

“నేను మూసేస్తననేసరికి నీకు కోపమొచ్చింది,” అన్నాడు. “మూసేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలిసింది. జరిగిందేంటో నేను రాసుకుంట. నువ్వు పైకి పో.”

ఆమె పైకి పోయింది. డాక్టర్ కాగితాల కోసం ఆగాడు.

వార్డు తలుపు తీసి ఉంది. నవ్యశ్రీ మంచం దిగి వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. మంచి కాలి మీదే బరువు. కట్టు కట్టిన కాలు నేలకు ఆనీ ఆననట్టు ఉంది. పక్కన బాలలక్ష్మి, పట్టుకోకుండా, పట్టుకోవడానికి సిద్ధంగా, రెండు చేతులూ చాచి నిలబడింది.

“అక్కా, చూడు. ఇయ్యాల్నే లేసింది,” అంది.

“పాదం మీద మొద్దుబారింది. గిచ్చినా తెలుస్తలేదు,” అంది నవ్యశ్రీ. “కాని నా కాలే కద, ఉంది. మామ ఉంటే ఈపాటికి ఫోటో తీసి ఆదిలాబాద్ మొత్తం పంపేటోడు.”

“తెలిసిందా అక్కా?” బాలలక్ష్మి కూతురి మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగింది. “తాగలే కద నా తమ్ముడు?”

“తాగలే. పోలీసులు గూడ ఒప్పుకున్నరు. పిల్ల కోసం పెట్టిన దీపం కొండెక్కితే మళ్ళ వెలిగియ్యబోయి పోయిండు.”

బాలలక్ష్మి తల ఊపింది. మళ్ళీ ఊపింది. వారం రోజుల్లో మొదటిసారి ఆమె కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. కొంగుతో తుడుచుకుని, తుడుచుకుంటూనే నవ్వింది. “నేను చెప్పిన కద. చెప్పిన కద అక్కా. ఇంక నాకు ఏం వద్దు. వాని పేరు మంచిగున్నది, బిడ్డ కాలు మీద నిలబడ్డది.”

వరండాలో డాక్టర్ అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

“బాలలక్ష్మీ, పిల్లను జర కూసోబెట్టు.”

“ఇప్పుడే లేసింది అక్కా. ఇంకొంచెం సేపు నిలబడనీ.”

తిరుమల లోపలికి నడిచి వాకర్‌ను రెండో వైపు పట్టుకుంది.

“కూసోబెట్టు,” అంది.